కొలతల పుస్తకంలో మొదటి అంకె

ఊళ్లో కొత్తగా సీసీ రోడ్డు వేస్తే దాని మందం ఎంతుందో తెలుసుకోవడానికి జనం అంచు దగ్గర వంగి చూస్తారు. అక్కడ ఆరంగుళాలూ నిండుగా కనిపిస్తాయి. అంచున బిగించిన షట్టరింగు ఎత్తే ఆరంగుళాలు కాబట్టి కనిపించక తప్పదు. తేడా అంతా నడుమ ఉంటుంది. కాంక్రీటు పోయకముందే కింది గ్రావెల్‌ను నడిభాగంలో కాస్త ఎత్తుగా పరిచి రోలరు తిప్పితే పైన రోడ్డు చదునుగానే వస్తుంది, లోపల మాత్రం కాంక్రీటు నాలుగున్నర అంగుళాలే పడుతుంది. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం అంటే 45 క్యూబిక్ మీటర్లు. సగటు మందం 120 మిల్లీమీటర్లకు తగ్గితే నిజంగా పడింది 36. మిగతా తొమ్మిది క్యూబిక్ మీటర్లు రాతలోనే ఉన్నాయి. క్యూబిక్ మీటరుకు ఆరు బస్తాల సిమెంటు చొప్పున చూసుకున్నా యాభై నాలుగు బస్తాలు. ఇదంతా ఒక్క వంద మీటర్ల వీధిలో.

ఆ 45 మొదట ఎక్కేది మెజర్‌మెంట్ బుక్కులో. అందరూ ఎం-బుక్ అంటారు. అసిస్టెంట్ ఇంజినీరు కొలత రాస్తాడు. ఆయన పైనుండే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (డీఈ) మళ్లీ కొలిచి చూసే చెక్ మెజర్‌మెంట్ చేసి సంతకం పెడతాడు. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) బిల్లు పాస్ చేసి పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు పంపుతాడు. అక్కడి ఆడిటరు పొడవు, వెడల్పు, మందం గుణించి లెక్క సరిచూస్తాడు. రేటు అగ్రిమెంటులో ఉన్నదేనా, క్వాలిటీ కంట్రోల్ సర్టిఫికెట్టు జతయిందా, జీఎస్టీ, సీనరేజి (ఖనిజాల రుసుం), లేబర్ సెస్ మినహాయింపులు సరిగా పడ్డాయా అని చూస్తాడు. ఏడాదికో రెండేళ్లకో అకౌంటెంట్ జనరల్ ఆఫీసు నుంచి ఆడిట్ పార్టీ వచ్చి అవే కాగితాలు తిరగేస్తుంది. ఇన్ని అంచెల్లో రోడ్డు దగ్గరికి టేపు పట్టుకుని వెళ్లాల్సింది మొదటి ఇద్దరే. వాళ్లు వెళ్లకపోయినా, వెళ్లి అంచున కొలిచి వచ్చినా, తర్వాతి వాళ్లందరికీ 45 నిజమే. గుణకారం తప్పు పోతే ఎవరో ఒకరు పట్టుకుంటారు. కొలతే తప్పయితే పట్టుకునే దారి ఆఫీసు గోడల మధ్య లేదు.

ప్రభుత్వ ఖర్చు మీద నిఘా పెంచాలన్నప్పుడల్లా చర్చ చెల్లింపుల దగ్గరికి, టెండర్ల దగ్గరికి వెళ్లిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో గత ఇరవై పైచిలుకు ఏళ్ల సంస్కరణలు ఎక్కువగా అక్కడే జరిగాయి. వాటివల్ల మేలు జరగలేదనడం అన్యాయం. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ రావడంతో టెండరు బాక్సు దగ్గర కాపు కాసి ఎదుటివాళ్ల షెడ్యూళ్లు లాక్కునే రోజులు పోయాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ బిల్లులను ఆన్‌లైన్‌లో నడిపే సీఎఫ్‌ఎంఎస్ తెచ్చాక బిల్లు ఏ బల్ల మీద ఆగిందో చూడగలిగే వీలొచ్చింది. 2021 జులై 1 నుంచి కేంద్ర ప్రాయోజిత పథకాలకు, ఒక్కో పథకం సొమ్ము రాష్ట్రంలో ఒకే ఏజెన్సీ ఖాతా నుంచి నడిచే సింగిల్ నోడల్ ఏజెన్సీ (ఎస్‌ఎన్‌ఏ) పద్ధతి అమలుచేశారు. అంతకుముందు ఒక్కో పథకం సొమ్ము జిల్లా, మండల స్థాయిలో లెక్కలేనన్ని బ్యాంకు ఖాతాల్లో నిద్రపోయేది, ఢిల్లీ లెక్కల్లో మాత్రం ఖర్చయినట్టు ఉండేది. ఆ తర్వాత వచ్చిన ఎస్‌ఎన్‌ఏ-స్పర్శ్ ఇంకో మెట్టు ఎక్కింది. సొమ్ము ముందే విడుదల చేసి ఖాతాలో ఉంచకుండా, చెల్లింపు జరగాల్సిన సమయానికే ఖజానా నుంచి కదిలిస్తుంది.

ఇవన్నీ గొట్టాన్ని బాగుచేశాయి. గొట్టంలోకి వచ్చే నీరు ఏమిటో చూడలేదు. టెండరు దగ్గరే చూడండి. ఆన్‌లైన్ వచ్చాక కూడా కాంట్రాక్టర్లు ముందే కూడబలుక్కుని రింగు కావడం ఆగలేదు, ఆఫీసు గేటు దగ్గర కాకుండా ఫోన్లలో కుదురుతోంది. దాన్ని పసిగట్టడం కష్టమేమీ కాదు. అంచనా విలువ మీద అయిదు శాతం కంటే ఎక్కువ కోట్ చేస్తే టెండరు తిరస్కరించాలని నిబంధన ఉన్నచోట, రెండే బిడ్లు వచ్చి, రెండూ ఆ అయిదుకు కాస్త కింద ఆగితే అది పోటీ కాదు. ఒక డివిజన్‌లో మూడేళ్ల బిడ్లు వరసగా పెట్టి చూస్తే ఎవరెవరు ఎప్పుడెప్పుడు తప్పుకున్నారో కనిపిస్తుంది. ఆ సమాచారం సర్వర్లలోనే ఉంది. దాన్ని అలా వరసగా పెట్టి చూడడం ఎవరికో ఒకరికి రోజువారీ పనిగా అప్పగించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చి 2024లో ఎత్తేసిన రివర్స్ టెండరింగుకూ ఇదే చిక్కు. మొదట వచ్చిన అతి తక్కువ కోట్ మీద మళ్లీ పోటీ పెట్టి ఇంకా తగ్గించే పద్ధతి అది. తక్కువ కోట్ వచ్చిన ప్రతిసారీ ఆ తేడాను ఆదాగా ప్రకటించారు. ఆదా అవునో కాదో తెలియాలంటే ముందు అంచనా సరైనదై ఉండాలి. అంచనా ఉబ్బి ఉంటే పన్నెండు శాతం తగ్గింపు కూడా ప్రభుత్వానికి నష్టమే. అంచనా సరిగ్గా ఉంటే అదే తగ్గింపు కాంట్రాక్టరును మందం దగ్గరికో, అదనపు సొమ్ము అడిగే క్లెయిముల దగ్గరికో తోస్తుంది.

అంచనా ఎక్కడ ఉబ్బుతుందో ఇంజినీర్లందరికీ తెలుసు. మొదటిది లీడ్ స్టేట్‌మెంట్. కంకర, ఇసుక, గ్రావెల్ ఎంత దూరం నుంచి తేవాలో చెప్పే పట్టిక అది. ఎనిమిది కిలోమీటర్లలో క్వారీ ఉన్నా ముప్ఫై కిలోమీటర్ల క్వారీ చూపిస్తే టన్ను టన్నుకూ రవాణా కలిసి వస్తుంది. రెండోది మట్టి వర్గీకరణ. తవ్వే నేల మెత్తటి మట్టా, గట్టి మొరమా, చితికిన రాయా, మందు పెట్టి పేల్చాల్సిన రాయా అన్నదాన్ని బట్టి రేటు కొన్ని రెట్లు మారుతుంది. కాలువ తవ్వేశాక, గట్టు పోసేశాక, గోతిలో మొరం వచ్చిందో రాయి వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే ట్రయల్ పిట్లు (పరీక్ష గోతులు) ముందే తీయాలని, ప్రతి పొర మారినప్పుడూ లెవెల్స్, అంటే మట్టాల కొలతలు, రాయాలని పద్ధతి పెట్టారు. అంచనాలో మట్టి అని రాసి, పని సగంలో ఉండగా రాయి తగిలిందని, అంచనాకూ పనికీ తేడా చూపే డీవియేషన్ స్టేట్‌మెంటు పెట్టడం ఎంత మామూలైపోయిందంటే, అది రాని పనిని చూస్తేనే ఆశ్చర్యం కలుగుతుంది.

చెరువు పూడికతీత ఇంకా సున్నితం. తెలంగాణలో మిషన్ కాకతీయ నలభై ఆరు వేలకు పైగా చెరువులను ఎంచుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు కింద ఊరూరా మట్టి తీశారు. రెండూ కావలసిన పనులే, చాలాచోట్ల నీళ్లు నిలిచాయి కూడా. కొలత మాత్రం మొత్తంగా ఒక్కదాని మీద ఆధారపడి ఉంటుంది. జేసీబీ దిగకముందు చెరువు అడుగు ఏ మట్టంలో ఉందో రాసుకునే తొలి లెవెల్స్ అవి. నలభై హెక్టార్ల చెరువులో తొలి లెవెల్స్ పది సెంటీమీటర్లు ఎక్కువ రాస్తే చాలు, ఎవరూ తవ్వని నలభై వేల క్యూబిక్ మీటర్ల మట్టి బిల్లులోకి ఎక్కుతుంది. పది సెంటీమీటర్లంటే బెత్తెడు. మట్టం చూసే కొలకర్రను, అంటే లెవెల్ స్టాఫును, ఎండిన నెర్రె పక్కన, మట్టిగడ్డ మీద పెట్టినా అందులో సగం వస్తుంది. తర్వాత వానలు పడి చెరువు నిండిందా, మళ్లీ కొలవడానికి ఏడాది ఆగాలి. ఆ ఏడాదిలో కొత్త పూడిక చేరుతుంది, రైతులు పొలాలకు మట్టి తోలుకుంటారు, తవ్విన గుంత అంచులు కూలతాయి. వివాదం తేలదు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. తొలి లెవెల్స్ తీసినరోజే ఆ పట్టిక పంచాయతీ గోడ మీదా, శాఖ వెబ్‌సైటులోనూ పెట్టాలి. పని మొదలయ్యాక దాన్ని మార్చే వీలు ఉండకూడదు. ఇప్పుడు డ్రోన్ సర్వేతో ఒక పూటలో చెరువు మొత్తం మట్టపు పటం తీయవచ్చు. నీళ్లు, తుమ్మచెట్లు ఉన్నచోట డ్రోను లెక్క తప్పుతుంది కాబట్టి అక్కడ పాత పద్ధతిలో స్టాఫు పెట్టి చూడాల్సిందే. లారీ ట్రిప్పుల లెక్కను కొలతగా ఒప్పుకోకూడదు. తవ్విన మట్టి పొంగుతుంది. నేలలో ఒక క్యూబిక్ మీటరు ఉన్నది లారీలో ఒకటింబావు దాకా అవుతుంది.

చిన్న పనుల సంగతి ఇది. పెద్ద ప్రాజెక్టులకు వచ్చేసరికి కొలతనే పక్కన పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి ప్రాజెక్టులను భారీగా చేపట్టిన జలయజ్ఞం కాలంలో ఆ పనులను ఈపీసీ పద్ధతిలో ఇచ్చారు. సర్వే, డిజైను, నిర్మాణం అన్నీ ఒకే సంస్థకు, మొత్తం మీద ఒక ధరకు. ఎన్ని క్యూబిక్ మీటర్లు తవ్వావని అడగరు, పనిలో ఎంత శాతం అయిందో చూసి చెల్లిస్తారు. కాగితం మీద ఇది మంచి పద్ధతే, కొలతల తగవు ఉండదు. అయితే దీనికి ఒక షరతు ఉంది. ధర ఖాయం చేసేముందు ఏం కట్టాలో తెలిసి ఉండాలి. 86 ప్రాజెక్టులు, 1.86 లక్షల కోట్ల రూపాయల అంచనాతో సాగిన జలయజ్ఞాన్ని పరిశీలించిన కాగ్ సరిగ్గా ఇక్కడే వేలు పెట్టింది. పూర్తి సర్వే లేకుండా, భూసేకరణ, అటవీ అనుమతులు తేలకుండా పనులు అప్పగించారని చెప్పింది. అలాంటప్పుడు డిజైను మారి పరిమాణం తగ్గితే ఆ మిగులు సంస్థకు పోతుంది, పెరిగితే అదనపు సొమ్ము అడుగుతారు. రెండు వైపులా నష్టపోయేది ఖజానాయే.

శాతాల చెల్లింపుకు ఇంకో జబ్బు ఉంది. మట్టిపని త్వరగా అవుతుంది, డబ్బు త్వరగా వస్తుంది. తూములు, వాగులు అడ్డొచ్చినచోట కట్టే అండర్ టన్నెళ్లు, అక్విడక్టులు, పిల్లకాలువలు చిల్లరమల్లర పనులు. శ్రమ ఎక్కువ, రాబడి తక్కువ. అందుకే ప్రధాన కాలువ మైళ్ల పొడవునా తవ్వి ఉంటుంది, చివర పొలానికి నీళ్లు తెచ్చే పిల్లకాలువ ఉండదు. నడుమ అర కిలోమీటరు భూమి కోర్టులో ఉంటే దాని కిందనున్న కాలువంతా తుమ్మలు మొలిచి పడి ఉంటుంది. చెల్లింపు షెడ్యూలు రాసేటప్పుడే నీరు పారే పొడవును బట్టి, కొసన తడిసే ఎకరాన్ని బట్టి శాతాలు పెడితే పని వరస దానంతటదే మారుతుంది. ఒప్పందంలో ఒక్క అనుబంధ పత్రం మార్పు అది.

ఖర్చు నిజంగా ఎక్కడ ఉందో పోలవరం అంకెలు చెబుతాయి. 2005-06 ధరల్లో 10,151 కోట్లు. 2010-11 ధరల్లో 16,010 కోట్లు. 2017-18 ధరల్లో 55,548 కోట్లు. చివరి అంచనాలో 33 వేల కోట్లకు పైగా భూసేకరణ, పునరావాసానిదే. 2013 భూసేకరణ చట్టం వచ్చాక నిర్వాసితులకు న్యాయంగా దక్కాల్సిన మొత్తం పెరిగింది, అది పెరగాల్సిందే. ఆలస్యమైన ప్రతి ఏడాదీ ఆ మొత్తం ఇంకా పెరుగుతుంది. ప్రగతి నివేదికల్లో మాత్రం ఎన్ని క్యూబిక్ మీటర్ల కాంక్రీటు పోశారన్నదే ముందు వరసలో ఉంటుంది. ఎన్ని కుటుంబాలను తరలించారన్నది ఎక్కడో చివరి పేజీలో దొరుకుతుంది.

ఇక అప్పు. బ్యాంకు ఒక టోల్ రోడ్డుకో, సోలార్ ప్లాంటుకో అప్పిచ్చేటప్పుడు రాబడి ఎంతో లెక్కకడుతుంది. సొంతంగా ఒక స్వతంత్ర ఇంజినీరును పెట్టుకుని, ఆయన పని చూసి రాసిచ్చాకే తర్వాతి విడత ఇస్తుంది. భూమి చేతికి రాకపోతే మొదటి విడతే కదలదు. అప్పిచ్చినవాడి భయమే అక్కడ నిఘా. అదే రాష్ట్ర ప్రభుత్వం ఒక కార్పొరేషన్ పెట్టి, దాని అప్పుకు గ్యారంటీ ఇస్తే ఆ భయం పోతుంది. బ్యాంకు ప్రాజెక్టును చూడదు, గ్యారంటీని చూస్తుంది. అప్పు కార్పొరేషన్ పేరున ఉంటుంది కాబట్టి శాసనసభ బడ్జెట్‌లోనూ దాన్ని చూడదు. తీర్చాల్సి వచ్చినప్పుడు మాత్రం సొమ్ము బడ్జెట్ నుంచే వెళ్తుంది. చూడాల్సిన ఇద్దరూ చూడని చోటు అలా తయారవుతుంది.

కాళేశ్వరం మీద 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదికను ఈ కోణంలో చదవాలి. ప్రాజెక్టు కోసం పెట్టిన కార్పొరేషన్ 15 బ్యాంకులు, ఆర్థిక సంస్థలతో 87,449 కోట్ల అప్పులకు ఒప్పందాలు చేసుకుంది. 81,911 కోట్లుగా వేసుకున్న వ్యయం 1,47,427 కోట్లు దాటవచ్చని కాగ్ లెక్కకట్టింది. రూపాయి పెడితే 1.51 రూపాయల ప్రయోజనం అన్న అంచనా 0.52కి పడిపోతుందని చెప్పింది. సమగ్ర ప్రాజెక్టు నివేదికకు (డీపీఆర్) కేంద్ర జలసంఘం ఆమోదం రాకముందే 25 వేల కోట్ల పైచిలుకు విలువైన 17 పనులు అప్పగించారని రాసింది. మేడిగడ్డ బరాజ్ 7వ బ్లాకులో పియర్లు (స్తంభాలు) కుంగింది 2023 అక్టోబరు 21న. ఈ అంకెలను ఏ పార్టీకి ఆయుధమవుతాయో చూసి పక్కన పెట్టేస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. పదిహేను సంస్థలు అప్పిచ్చినా ప్రాజెక్టు లాభనష్టాల లెక్కను నిలదీయాల్సిన అవసరం వాటికి లేకపోయింది.

2022లో కేంద్ర ఆర్థిక శాఖ ఒక మార్పు చేసింది. అసలు, వడ్డీ బడ్జెట్ నుంచి కట్టే కార్పొరేషన్ అప్పులను రాజ్యాంగం 293(3) కింద రాష్ట్రానికిచ్చే రుణ అనుమతిలో కలిపి లెక్కించాలని చెప్పింది. రాష్ట్రాలకు ఇది మింగుడుపడలేదు. కేంద్రం తన సంస్థల అప్పులకూ ఇదే కొలత పెట్టుకుంటుందా అని రాష్ట్రాలు అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. అయినా అప్పు ఎవరు తీరుస్తారో వాళ్ల ఖాతాలో రాయాలన్న సూత్రం సరైనదే. దానికి తోడు ఒకటి చేయాలి. గ్యారంటీ అప్పుల్లోనూ ప్రతి విడతకూ స్వతంత్ర ఇంజినీరు సర్టిఫికెట్టు ఉండాలి, ఆ సర్టిఫికెట్టు శాసనసభకూ వెళ్లాలి. వెయ్యి కోట్లు తొమ్మిది శాతానికి తెచ్చి, భూమి రాక పని మూడేళ్లు ఆగితే బారువడ్డీయే 270 కోట్లు. ఒక్క బస్తా సిమెంటు వాడకుండా పోయే సొమ్ము అది.

బిల్లుల ఆలస్యం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే అది నిఘాకు సంబంధం లేని విషయమని చాలామంది అనుకుంటారు. పరిపాలనా అనుమతులు బడ్జెట్‌కు ఎన్నో రెట్లు ఇస్తారు. పని అవుతుంది, ఎం-బుక్ నిండుతుంది, టోకెన్ నంబరు పడుతుంది, బడ్జెట్ విడుదల ఉత్తర్వు (బీఆర్‌ఓ) మాత్రం రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019కి ముందు చేసిన ఉపాధి హామీ మెటీరియల్ పనుల బిల్లుల కోసం జనం హైకోర్టుకెక్కారు, 2021లో వడ్డీతో కట్టమని కోర్టు చెప్పాల్సి వచ్చింది. చిన్న కాంట్రాక్టరు పెట్టుబడి బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. కోటి రూపాయల బిల్లు ఏడాదిన్నర ఆగితే వడ్డీ 36 లక్షలు. ఎస్టిమేటులో అతనికి లాభం, ఓవర్‌హెడ్లు కలిపి ఇచ్చేది పదమూడు, పద్నాలుగు శాతం. మిగతా ఇరవై రెండు లక్షలు ఎక్కడి నుంచి రావాలి? ఆరంగుళాల రోడ్డు నాలుగున్నర అంగుళాలయ్యేది ఇక్కడే. నిజాయతీగా పని చేసేవాళ్లు ఒకటి రెండు దెబ్బలు తిని తప్పుకుంటారు, ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకోగలిగినవాళ్లు మిగులుతారు.

కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనికి ఒక దారి ఉంది. పని సాగుతుండగా పెట్టే రన్నింగ్ బిల్లు వచ్చిన పది పనిదినాల్లో అర్హమైన మొత్తంలో కనీసం 75 శాతం కట్టేయాలి, మిగతాది పూర్తి పరిశీలన అయ్యాక 28 పనిదినాల్లోగా ఇవ్వాలి. ఎలక్ట్రానిక్ ఎం-బుక్ వాడమని కూడా అందులో ఉంది. రాష్ట్రాలు మొదటిది చేయాలంటే అగ్రిమెంటు రాసేరోజే ఆ పనికి ఆ ఏడాది సొమ్మును విడిగా పక్కన పెట్టి ఉంచాలి. ఇది లేకుండా రెండోది ఒక్కటే తెస్తే పుస్తకం బదులు ట్యాబులో 45 అని రాస్తారు, అంతే.

ట్యాబు మీద భ్రమలు వద్దనడానికి ఉపాధి హామీ హాజరు యాప్ మంచి ఉదాహరణ. 2023 జనవరి 1 నుంచి పనిచోట కూలీల ఫొటో తీసి ఎక్కించడం తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. పనితో సంబంధం లేని ఫొటోలు, ఫొటోకే తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని అందులో ఏకరువు పెట్టింది. ఎవరూ చూడని ఫొటో ఎన్ని లక్షలు పోగైనా సాక్ష్యం కాదు.

అదే పథకంలో మనుషులు చేసిన తనిఖీ చాలా మెరుగ్గా పనిచేసింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని చేతికెత్తుకుంది, 2009లో దానికోసం స్వతంత్రంగా పనిచేసే ప్రత్యేక సొసైటీ పెట్టింది. పద్ధతి సాదాసీదాది. మస్టర్లు (కూలీల హాజరు పట్టికలు), ఎం-బుక్కుల నకళ్లు ముందుగా తీసుకుంటారు. శిక్షణ పొందిన యువకులు తమ ఊరు కాని ఊరికి వెళ్లి ఇల్లిల్లూ తిరిగి, మస్టరులో రాసిన రోజులు ఈ కూలీ నిజంగా చేశాడా అని అడుగుతారు. టేపు పట్టుకుని కందకం పొడవు, లోతు కొలుస్తారు. గ్రామసభలో చదివి వినిపిస్తారు, ఆ తర్వాత మండలంలో ప్రజావేదిక. చచ్చిపోయినవాళ్ల పేర్లు మస్టర్లలో బయటపడింది ఇలాంటి తనిఖీల్లోనే. వసూళ్లు మాత్రం తేలినదాంట్లో చాలా తక్కువ. తప్పు తేల్చేది ఒకరు, చర్య తీసుకోవాల్సింది అదే శాఖ, నడుమ కచ్చితంగా అమలయ్యే గడువు లేదు. ఆ గడువు పెట్టడం, గడువు దాటితే ఫైలు దానంతటదే పై అధికారి దగ్గరికి వెళ్లేలా చేయడం కొత్త చట్టం అక్కర్లేని పని.

రోడ్లలో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఇంచుమించు ఇదే దారి పట్టింది. పని చేయించే శాఖ తనిఖీ ఒకటి, రాష్ట్ర క్వాలిటీ మానిటరు రెండు, బయటి నుంచి వచ్చే జాతీయ క్వాలిటీ మానిటరు మూడు. పైగా రోడ్డు వేసినవాళ్లే అయిదేళ్లు నిర్వహణ చూడాలి. పలచగా వేసిన రోడ్డు రెండో వానకే గుంత పడితే పూడ్చే ఖర్చు వాళ్లదే. ఊళ్లలో వేసే సీసీ రోడ్లకు ఈ రెండింటిలో ఒక్కటైనా వర్తింపజేయడానికి అడ్డేమీ లేదు.

చెక్ మెజర్‌మెంట్ అదే సబ్ డివిజన్ డీఈతో కాకుండా, పక్క డివిజన్ ఇంజినీరుతో చేయించాలి. ఎవరు వెళ్లేది ఆ పొద్దున చీటీ తీసి తేల్చాలి. పరీక్షకు రోడ్డులోంచి గుండ్రంగా కోసి తీసే కాంక్రీటు ముక్క, అంటే కోర్, ఎక్కడ తీయాలో ఆయనే సుద్దతో గుర్తు పెట్టాలి, ఒకటైనా రోడ్డు నడిమధ్యన ఉండాలి. మూడు కోర్లు తీయడానికి ఒక పూట చాలు. మందం అక్కడే స్కేలు పెట్టి చూడవచ్చు. బలానికి కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ఉండనే ఉంది, మూడింటి సగటు నిర్దేశించిన బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75కి తగ్గకూడదు. చెరువైతే చివరి లారీ బయటికొచ్చిన రోజుకూ తొలకరికీ నడుమ దొరికేది కొన్నిసార్లు వారం రోజులే. ఆ వారంలో లెవెల్ స్టాఫు చెరువులో దిగేలా రెండో కొలత తేదీని వర్క్ ఆర్డరులోనే రాసి పెట్టాలి.